గట్టు దొర ఏరు కట్టేస్తే రేవుసీమ ఎండిపోతుందా?

భూపటం_బాబాయ్

మనం కలిసి అల్లుతున్న కల్పిత నల్లవేణి లోకం కథ మూడో యుద్ధం దగ్గర ఇరుక్కుపోయింది. కొత్తవాళ్ల కోసం ముందు నాలుగు ముక్కలు.

ఏటికి ఎగువన గట్టుసీమ. జనం 2 లక్షలు, జొన్న, రాగి, గొర్రెలు, ఇనుము. ఏలేది ఎర్రపోతు దొర. దిగువన రేవుసీమ. జనం 5 లక్షలు, వరి, చేపలు, ఉప్పు, ఓడరేవు. రేవు సుంకం సరుకులో మూడో వంతు. ఏలేది రాణి మున్నీరమ్మ. ఏటి ముఖద్వారంలో తిప్పవాళ్లు, ఎవరికీ పన్ను కట్టరు. మధ్యలో జంటకొండలు. అక్కడ ఏరు రెండు కొండల నడుమ 700 మీటర్లకు కుదించుకుని, అది దాటాక విచ్చుకుంటుంది. అక్కడి నాయకుడు రాణి సామంతుడు. ఏటికి రెండు వైపులా పొలాల కాలువలు మొదలయ్యే చోట్లు, అంటే కాలువల తలలు, రెండూ ఆయన చేతిలోనే.

కట్టుబాట్లు: నీళ్ల మీద మంత్రం పనిచేయదు. సిమెంటు, తుపాకిమందు లేవు. సున్నం, ఇనుము, ఎడ్లు ఉన్నాయి. వరదకాలంలో ఏరు గరిష్ఠంగా 3 లక్షల క్యూసెక్కులు (సెకనుకి అన్ని ఘనపుటడుగులు), మామూలు వానాకాలపు రోజున 30 వేలు, నడివేసవిలో 500.

జంటకొండలకు 200 కిలోమీటర్ల ఎగువన ఇరుకుగట్టు అనే లోయ ఉంది, వెడల్పు 400 మీటర్లు. ఎర్రపోతు ఆషాఢంలో అక్కడ ఏరు కట్టేస్తాడు, కింద నాట్లు ఎండుతాయి, రాణి కాళ్లబేరానికి వస్తుంది. ఇదీ అనుకున్న కథ. కుదురుతుందంటారా?

ఇసుకతిన్నె

కుదరదు. లెక్క వేయండి బాబాయ్.

20 మీటర్ల ఎత్తు కట్ట అనుకుందాం. చేత్తో కట్టేవాళ్లకు అదే గొప్ప. వెనక నీళ్లు 15 కిలోమీటర్లు ఎగదన్నుతాయి, సగటు వెడల్పు 500 మీటర్లు. కట్ట దగ్గర 20 మీటర్ల లోతు, తోక దగ్గర సున్నా. మొత్తం 7.5 కోట్ల ఘనపు మీటర్లు, అంటే సుమారు 2.65 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). రోజుకి 11,574 క్యూసెక్కులు పారితే 1 టీఎంసీ. మీ 30 వేల క్యూసెక్కుల మామూలు రోజున ఆ చెరువు ఒక్క రోజులో నిండుతుంది. 3 లక్షల వరదైతే రెండున్నర గంటలు చాలు. నిండాక నీళ్లు కట్ట మీద నుంచి దూకుతాయి. మట్టికట్ట మీద నీళ్లు దూకాయంటే పూట గడవదు, గండే.

పోలికకు మన కృష్ణనే చూడండి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. రోజుకి దాదాపు 95 టీఎంసీలు. బ్యారేజీలో నిలిచేది 3 టీఎంసీలు. 312 టీఎంసీల నాగార్జునసాగర్ ఖాళీగా ఉన్నా మూడు రోజుల చిల్లరలో నిండిపోయే వరద అది. అంత సాగరే ఆపలేనిదాన్ని ఎర్రపోతు తట్టలతో ఆపుతాడా?

ఇంకో మాట. గండి పడితే ముందు కొట్టుకుపోయేవి లోయ కింద ఉన్న గట్టుసీమ ఊళ్లే. 200 కిలోమీటర్లు పారి జంటకొండలకు చేరేసరికి ఆ అల చదునైపోతుంది.

కొండవీటి_చాంతాడు

ఆషాఢం తప్పే, ఒప్పుకుంటాం. కానీ మీ లెక్కే వేసవికి తిప్పి చూడండి. 500 క్యూసెక్కులంటే రోజుకి 0.043 టీఎంసీ. 2.65 నిండడానికి 60 రోజులు. అంటే మాఘంలో కట్ట లేచిందనుకోండి, ఫాల్గుణం, చైత్రం రెండు నెలలూ చుక్క వదలక్కర్లేదు.

కట్టడం కూడా అసాధ్యమేం కాదు. శిఖరం 5 మీటర్లు, రెండు వైపులా 3కి 1 వాలు ఇస్తే అడుగు వెడల్పు 125 మీటర్లు, అడ్డుకోత 1,300 చదరపు మీటర్లు. లోయ అంచుల దగ్గర పలచబడుతుంది కాబట్టి మూడింట రెండు వంతులు తీసుకుంటే దగ్గర దగ్గర 3.5 లక్షల ఘనపు మీటర్ల మట్టి. తవ్వేవాడు, మోసేవాడు, దిమ్మిస కొట్టేవాడు అందరినీ కలిపి మనిషికి రోజుకి 1 ఘనపు మీటరు వేసుకోండి. 4,000 మంది, 88 రోజులు. తలకి ముప్పావు కిలో జొన్నలైతే రోజుకి 3 టన్నులు, మొత్తం 270 టన్నులలోపే. బండికి 700 కిలోలు చొప్పున 380 బండ్లు. 2 లక్షల జనం ఉన్న సీమకు ఇది మోయగలిగిన బరువే.

ఇసుకతిన్నె

మోయగలడు, సరే. ఏటి అడుగున ఇసుకేగా? కట్ట కింద నుంచి ఊట పోతుంది. ఇసుక తీసి బంకమట్టితో అడుగు గోడ దింపకపోతే 500లో మంచి వాటా కిందికి జారుకుంటుంది. ఊటతోపాటు ఇసుక కూడా కదిలిందంటే కట్ట లోపలినుంచే గుల్లవుతుంది. దిగువ వాలులో బుడగలు, మురికినీళ్లు కనపడ్డాయంటే అదే.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న: ఫాల్గుణంలో రేవుసీమ పొలాల్లో ఏముంది? వరికొయ్యలు, మహా అయితే మినుము. అది మంచుకీ తడికీ పండేది, దానికి ఏటి నీళ్లు అక్కర్లేదు. ఎవరికీ అక్కర్లేని నీళ్లు ఆపి రాణిని బెదిరిస్తాడా?

రేవుసుంకం

అక్కర్లేకపోవడమేంటండీ, ఉప్పు ఎగదన్నదూ? మంచినీళ్ల తోపుడు లేకపోతే పోటు మీద సముద్రం ఏట్లోకి లోపలికంటా వస్తుంది. పులిగడ్డ దగ్గర కృష్ణ చీలి దివిసీమను చుట్టేసినట్టే మీ ముఖద్వారమూ ఉంది. ఆ పాయల పక్క బావులన్నీ ఉప్పవుతాయి. మనుషులు, గొడ్లు ఏం తాగాలి?

ఇసుకతిన్నె

5 లక్షల మందికి తలకి 5 లీటర్లంటే రోజుకి 25 లక్షల లీటర్లు. ఒక్క క్యూసెక్కు రోజంతా పారితే 24.5 లక్షలు. గొడ్లు 2 లక్షలు, ఒక్కోదానికి 40 లీటర్లు వేసినా మరో మూడు క్యూసెక్కులు. ఊట మీదే వచ్చేస్తాయి. పైగా డెల్టా ఊళ్లు సంక్రాంతి లోపే మంచినీళ్ల చెరువులు నింపుకుంటాయి, తర్వాత ఏటి ఇసుకలో చెలమలు తోడుకుంటారు. నీళ్లు చాలకపోవడం కాదు, ఉన్నచోటికీ కావాల్సినచోటికీ మధ్య దూరం బాధ. తిప్పవాళ్లకి మాత్రం నిజంగా ఇబ్బందే, వాళ్లకు చెరువుల్లేవు. అయితే వాళ్లు రాణి మనుషులు కారు. ఎర్రపోతు కొట్టాలనుకున్నది ఒకరిని, తగిలేది ఇంకొకరికి.

దుగ్గిరాల_లాకులు

ఇద్దరూ నీటి పరిమాణం దగ్గరే కొట్టుకుంటున్నారు. డెల్టాకి కావాల్సింది పరిమాణం కాదు, మట్టం. ఇది తెలియకపోతే ఏ లోకంలోనూ డెల్టా రాజ్యం రాయలేం.

ఏరు నిండుగా పారుతున్నా కాలువ తల కన్నా ఒక మూర కిందుంటే పొలానికి చుక్క ఎక్కదు. 1832–33లో డొక్కల కరువుకి గుంటూరు సీమ అల్లాడినప్పుడు పక్కనే కృష్ణ ఉంది, దాన్ని పొలానికి ఎక్కించే ఏర్పాటు లేదు. 1852లో మొదలుపెట్టి 1855లో ముగించిన బెజవాడ ఆనకట్ట చేసింది అదే. ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకీ మధ్య ఏటికి అడ్డంగా రాయి పరిచి మట్టం పెంచారు, రెండు వైపులా కాలువలు ఎక్కాయి. నీళ్లు దాచిపెట్టే కట్టడం కాదది. 1952లో దానికి గండి పడితేనే 1957 నాటికి 70 తలుపుల ప్రకాశం బ్యారేజీ వచ్చింది.

ఇప్పుడు మీ జంటకొండలకు రండి. సిమెంటు లేదు కాబట్టి అక్కడ ఉండేది ఏటేటా వేసుకునే అడ్డుకట్ట. తాటిమొద్దులు రెండు వరసలు, మీటరుకొకటి చొప్పున ఇసుకలో దిగ్గొడతారు. 700 మీటర్లకి 1,400 మొద్దులు. వరసల మధ్య తుమ్మకంప, రాళ్లు, పైన బంకమట్టి. ఎత్తు మీటరున్నర, అంతకు మించితే నిలవదు.

ఎప్పుడు వేస్తారన్నదే అసలు కీలకం. శ్రావణంలో ఏరు దానంతటదే ఎత్తుగా ఉంటుంది, అడ్డుకట్ట లేకుండానే కాలువలు ఎక్కుతాయి. అప్పుడు వేస్తే వరద ఎత్తుకుపోతుంది కూడా. భాద్రపదం చివర వరద తీయగానే వేస్తారు. అక్కడి నుంచి కార్తీకం దాకా, అంటే వరి చిరుపొట్ట నుంచి పాలు పోసుకునే దాకా, బతుకంతా ఆ మీటరున్నర మీదే.

ఆశ్వయుజం నడుమ ఒక రాత్రి 300 మంది వచ్చి 60 మీటర్ల మేర మొద్దులు పీకితే చాలు. మిగతాది ఏరే చూసుకుంటుంది. గండి గుండా నీళ్లు ఉరికి కింద మడుగు తవ్వేస్తాయి, ఆ మడుగులో కొత్త మొద్దు నిలవదు. ముందు రాళ్లతో మడుగు పూడ్చాలి, తర్వాత మొద్దులు, తర్వాత కంప. సరుకు చేతిలో ఉంటే 20 రోజులు.

నల్లరేగడి తడి పట్టి ఉంచుతుంది కాబట్టి కాలువ తలకి దగ్గర పొలాలు గట్టెక్కుతాయి. శివారు పొలాలకు మాత్రం అప్పటికే నీళ్లు అంతంతమాత్రం. నెర్రెలు పడతాయి, వెన్ను బయటికొచ్చాక గింజ పట్టదు, తాలు. అంటే రాజ్యం మొత్తం ఎండదు, చివరి ఊళ్లు ఎండుతాయి. రాణి సభలో గొడవ అక్కడ మొదలవ్వాలి. తల దగ్గరి కాపులు తమ తూములు మూసి కిందికి నీళ్లు వదలమంటే వింటారా?

కొండవీటి_చాంతాడు

దండం మాస్టారూ. 3.5 లక్షల ఘనపు మీటర్ల మట్టి బదులు 300 మందా! 2024లో బుడమేరు వాగు గండ్లకే కదా విజయవాడ సింగ్‌నగర్ అంతా మునిగింది. ఎంత పెద్ద కట్టడమని కాదు, గండి ఎక్కడ పడిందన్నదే.

రేవుసుంకం

రాణి చేతులు ముడుచుకు కూర్చుంటుందని ఎందుకనుకుంటున్నారు? ఆవిడ దగ్గర ఉప్పుంది.

మనిషికి ఏడాదికి 5 కిలోలు. గట్టుసీమ 2 లక్షల జనానికి 1,000 టన్నులు, గొర్రెలకు వేరే. పెరికెద్దు, అంటే వీపున బస్తాలు మోసే ఎద్దు, 100 కిలోలు మోస్తుంది, అంటే 10,000 పెరికెలు. ఒక్కో ఎద్దు సంక్రాంతికీ ఏరువాకకీ మధ్య నాలుగు తిరుగుళ్లు తిరిగినా 2,500 ఎడ్లు కావాలి. అవన్నీ వెళ్లాల్సింది జంటకొండల ఇరుకు గుండానే. ఆపడానికి ఒక ఠాణా చాలు.

ఇంకా ఒకటి. రాణి రేవు సుంకం సరుకులో మూడో వంతు అని రాశారు. ఏ ఓడా ఆ దరిదాపులకు రాదు. కాకతి గణపతిదేవుడు ఓడ వర్తకులకిచ్చిన మోటుపల్లి అభయశాసనంలో వసూలు చేసింది 30 వంతుల్లో ఒకటి. అంతకుముందు గాలివానకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు రాజులు లాగేసుకునేవారు, అది మానేస్తున్నాననీ అందులో చెప్పాడు. మున్నీరమ్మకీ అలాంటి మాట ఒకటి పెట్టండి. తిప్పవాళ్లు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలు దోచుకుని బతికేవాళ్లయితే, ఆవిడకి వాళ్లతో పేచీ అక్కడే మొదలవుతుంది.

చౌటిమన్ను

ఉప్పు మీద అంత ధీమా వద్దు. సముద్రం లేకపోయినా ఉప్పు తీయొచ్చు. గట్టుసీమలో చౌడు ఉంటే చాలు.

ఎండాకాలంలో చౌటినేల మీద తెల్లగా పొంగిన పొర గీకి పోగేస్తారు. అడుగున చిల్లు ఉన్న కుండలో గడ్డి పరిచి, పైన ఆ మన్ను వేసి, నీళ్లు పోస్తారు. చిల్లులోంచి దిగిన ఉప్పునీటిని సున్నంతో గచ్చు చేసిన మడిలో ఆరబెడతారు. మన్ను గట్టిగా అదిమితే నీళ్లు దిగవు. వదులుగా వేస్తే ఉప్పు పట్టుకోకుండానే జారిపోతాయి. నీళ్లు పూర్తిగా ఇంకిపోయేదాకా ఆగకూడదు. చివర మిగిలిన నీటిలో చేదంతా ఉంటుంది, పారబోయాలి. ఎంత జాగ్రత్త పడ్డా సముద్రపు ఉప్పులా ఉండదు, చిరుచేదు తగులుతుంది, ఊరగాయకు పనికిరాదు. గొర్రెలకు, అంబలికి సరిపోతుంది.

కాబట్టి ఉప్పు ఆపితే గట్టు జనం చావరు. పండగపూట మాత్రం దొరని తిట్టుకుంటారు.

ఇసుకతిన్నె

బాబాయ్, సందట్లో సడేమియా. మీ పటంలో ఇరుకుగట్టు పైన ఏరు రెండుగా చీలి ఒకటి తూర్పుకి, ఒకటి పడమరకి పోతోంది. కొండల్లో ఉపనదులు వచ్చి కలుస్తాయి, పాయలుగా విడిపోయేది సముద్రం దగ్గర పల్లంలో. సరిచేయండి.

భూపటం_బాబాయ్

సరిచేశా. కథ ఇలా మారుస్తున్నా: ఇరుకుగట్టు కట్ట తీసేశాం. ఎర్రపోతు ఆశ్వయుజంలో జంటకొండల అడ్డుకట్టకు గండి కొట్టిస్తాడు. కార్తీకంలో రాణి ఉప్పు ఆపేస్తుంది. మార్గశిరంలో సంధి.

రేవుసుంకం

మార్గశిరంలో సంధి కుదరదు. రేగడి బురదలో పెరికెలు కదిలేది సంక్రాంతి దాటాకే, కాబట్టి కార్తీకంలో ఆపినా గట్టుసీమలో ఎవరికీ తెలియదు. ఇళ్లలో నిరుటి ఉప్పు ఉంటుంది. మళ్లలో కొత్త ఉప్పు పండేది కూడా ఎండలు ముదిరాకే, అప్పటిదాకా కొటార్లలో ఉన్నదే రాణి సరుకు. దొరకి సెగ తగిలేసరికి ఫాల్గుణం. శివారు ఊళ్ల గాదెలు అంతకు ముందే అడుగంటుతాయి.

దుగ్గిరాల_లాకులు

జంటకొండల నాయకుడి దొడ్లో తాటిమొద్దులు ఎన్ని నిలవ ఉన్నాయో ముందు తేల్చండి. 60 మీటర్ల గండికి 120 కావాలి. ఉంటే కార్తీకం మొదట్లోనే పూడుతుంది, శివారు ఊళ్లకు సగం పంటైనా దక్కుతుంది. లేకపోతే చెట్లు కొట్టి, ఎడ్లతో ఈడ్పించుకొచ్చేసరికి వరికోతలు. నాయకుడు నిలవ మొద్దులు ముందే అమ్మేసుకుని ఉంటే గనక, దొరకి ఆ 300 మందితో కూడా పనిలేదు. ఆ గండి పడ్డా పడకపోయినా, మరుసటి భాద్రపదంలో అడ్డుకట్టే లేవదు.