ట్రేస్ చేసి వేసిన బొమ్మ పోస్ట్ చేస్తే, ఆ సంగతి చెప్పాలా వద్దా?

రేఖాప్రియ
పోర్ట్రెయిట్ చాలెంజ్ (ముఖచిత్రాల పోటీ) బొమ్మల కింద మళ్లీ అదే గొడవ. ఒకరు "ఇది ట్రేసింగే" అంటారు, వేసినవాళ్లు "కాదు, గ్రిడ్" (ఫొటో మీదా కాగితం మీదా గళ్లు గీసుకుని, గడి గడిగా చూసి దించడం) అంటారు, కాసేపటికి అసలు బొమ్మ సంగతి ఎవరికీ పట్టదు. అందుకే విడిగా పెడుతున్నా. ప్రశ్న రెండు ముక్కలు. ఫొటో మీంచి ట్రేస్ చేసిన ఔట్‌లైన్‌తో వేసిన బొమ్మ పెట్టేటప్పుడు ఆ మాట రాయడం తప్పనిసరి చేయాలా? చేస్తే గ్రిడ్, ప్రొజెక్టర్, లైట్‌బాక్స్ (కింద నుంచి వెలుగొచ్చే పలక) అన్నీ ఒకే లెక్కలోకి వస్తాయా? "కళంటే మనసులోంచి రావాలి" తరహా జవాబులు దయచేసి వద్దు. పని ఎలా నడుస్తుందో తెలిసినవాళ్లు చెప్పండి.

బొగ్గుముక్క
తప్పనిసరి చేయాల్సిందే. అయితే గ్రిడ్‌నీ ట్రేసింగ్‌నీ ఒకే గాటన కట్టకండి. 20×25 సెం.మీ. ప్రింటు మీద 2.5 సెం.మీ. గళ్లు గీస్తే అడ్డంగా 8, నిలువుగా 10, మొత్తం 80. 40×50 కాగితం మీద అదే గడి 5 సెం.మీ. అవుతుంది. దవడ గీత గడి పై అంచుని ఎక్కడ దాటింది, సగానికి ఇవతలా అవతలా, పక్క అంచుని ఎంత ఎత్తులో తాకింది, ఇదంతా చూసుకుంటే గానీ పెన్సిల్ కదలదు. ప్రతి గడిలోనూ కన్ను కొలవాల్సిందే. ట్రేసింగ్‌లో గీత ఎక్కడుండాలో ముందే తేలిపోయి ఉంటుంది.

రెండింట్లో దొర్లే తప్పులూ వేరే. ఫోన్ ఫొటో 3:4, ఏ4 కాగితం 210×297 మి.మీ. నిష్పత్తి చూసుకోకుండా రెండింటినీ సమానంగా 8×10 గళ్లు చేసేస్తే కాగితం మీది గడి నిలువుగా సాగి, ముఖం సుమారు 6 శాతం పొడుగొస్తుంది. 210 వెడల్పుకి 280 ఎత్తు మాత్రమే తీసుకుని, మిగతా 17 మి.మీ. వదిలేయాలి. గళ్లని గట్టి పెన్సిల్ అయిన 2హెచ్‌తో నొక్కి గీస్తే ఇంకో తంటా. కాగితంలో గాడి పడుతుంది. తర్వాత మెత్తని 4బీ పెన్సిల్‌తో షేడింగ్ చేసినప్పుడు ఆ గాడిలోకి గ్రాఫైట్ దిగదు, బుగ్గ మీద తెల్లగీతలు తేలతాయి. హెచ్‌బీతో, చేతి బరువు పడకుండా గీయాలి.

హెచ్‌బీ_చాలు
బొగ్గుముక్క గారూ, గ్రిడ్ గురించి మీరు చెప్పింది కాదనలేం. కానీ అందులోంచి "ట్రేసింగ్ అయితే ఒప్పుకోవాలి" అనే తీర్మానం ఎలా వచ్చింది? జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1525లో అచ్చువేసిన పుస్తకంలోనే, ఎదురుగా కూర్చున్న మనిషిని గాజు పలక మీద గీసుకుంటున్న చిత్రకారుడి చెక్క అచ్చు బొమ్మ ఉంది. 1806లో ఇంగ్లిష్ శాస్త్రవేత్త వొలాస్టన్ కెమెరా లూసిడాకి పేటెంట్ తీసుకున్నాడు. చిన్న పట్టకంలోంచి చూస్తే ఎదుటి దృశ్యం కాగితం మీద పడ్డట్టే ఉంటుంది, పెన్సిల్‌తో దాని వెంట వెళ్లడమే. 1833లో ఇంగ్లిష్ శాస్త్రవేత్త టాల్బట్ ఇటలీలో కోమో సరస్సు ఒడ్డున ఇదే పరికరంతో ప్రయత్నించాడు. పట్టకం నుంచి కన్ను తీస్తే కాగితం మీద మిగిలినవి పనికిరాని గీతలే. ఆ విసుగులోంచే ఆయన ఆలోచన ఫొటోగ్రఫీ వైపు మళ్లింది. పరికరమే బొమ్మ వేసిపెడితే ఆయనకి ఆ విసుగు ఎందుకొస్తుంది?

ఇక సెల్ఫీ సంగతి. ఫోన్ ముక్కు కొనకి 30 సెం.మీ. దూరంలో ఉందనుకోండి. చెవి దానికి 12 సెం.మీ. వెనక, అంటే 42 దగ్గర. ముక్కుతో పోల్చినప్పుడు చెవి ఉండాల్సిన సైజులో 71 శాతమే పడుతుంది. అదే 150 సెం.మీ. నుంచి జూమ్ చేసి తీస్తే 93 శాతం. ట్రేసింగ్ ఈ వంకరని మిల్లీమీటరు పోకుండా కాగితం మీదికి ఎక్కిస్తుంది. ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కి పోయి, మనిషి ఎవరో అన్నట్టుంటుంది. ఫొటోలో మనం పట్టించుకోం, గీతల్లో మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ట్రేస్ చేసినవాడికి దక్కే లాభం మీరనుకున్నంత లేదు. అలాంటప్పుడు సంజాయిషీ దేనికి?

బొగ్గుముక్క
మీరు నా వాదనే బలపరిచారు. "ముక్కు ఎందుకు పెద్దగా వచ్చింది?" అని ఒకరు అడిగారనుకోండి. ఫ్రీహ్యాండ్ (ఏ సాయమూ లేకుండా చూసి గీసినది) అయితే నా జవాబు: పెన్సిల్ చాచి పట్టుకుని కొలవండి, కళ్ల మధ్య దూరంతో ముక్కు వెడల్పు పోల్చండి. ట్రేసింగ్ అయితే ఆ సలహా శుద్ధ దండగ, మార్చాల్సింది ఫొటో. ఎలా వేశారో చెప్పకుండా "క్రిటిక్ ఇవ్వండి" (లోటుపాట్లు చెప్పండి) అంటే, చీకట్లో రాయి వేసినట్టే. నేను అడిగేది సంజాయిషీ కాదు, సమాచారం.

హెచ్‌బీ_చాలు
క్రిటిక్ అడిగే పోస్టుల వరకైతే ఒప్పుకుంటా. వేసింది చూపించి సంతోషపడదామని పెట్టేవాళ్లకి కూడా రూలేంటి?

నీటిమరక
వాటర్‌కలర్ వాళ్ల తరఫున ఒక మాట. ఈ రంగంలో ట్రేస్ చేయడమే మంచి పద్ధతి అయ్యే సందర్భం ఉంది, దాన్ని ఈ రూల్ దెబ్బతీస్తుంది. కాటన్ కాగితం మీద నేరుగా డ్రాయింగ్ చేసి, చెరిపి, మళ్లీ గీస్తే పైనున్న సైజింగ్ పూత (నీళ్లని వెంటనే పీల్చుకోకుండా ఆపేది) రాసుకుపోతుంది. ఆ చోట వాష్ (నీళ్లు కలిపిన పలచని రంగు) ఒక్కసారిగా లోపలికి ఇంకిపోయి ముదురు మచ్చ అవుతుంది, తడిపి అద్ది తీసినా రాదు. కాబట్టి తప్పులన్నీ మామూలు కాగితం మీద తీర్చుకుని, తుది గీతని మాత్రమే మంచి కాగితం మీదికి దించుతాం. గీత సొంతదే, దించడం ట్రేసింగే. దీనికీ లేబులేనా?

దించే పద్ధతి తెలియనివాళ్ల కోసం. 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల) మందపాటి కాగితాన్ని లైట్‌బాక్స్ మీద పెడితే గది చీకటి చేస్తే తప్ప సన్నగీతలు కనిపించవు. సులువైన దారి: స్కెచ్ వెనక, గీతలున్న మేర మాత్రమే 4బీ లేదా 6బీ రుద్దండి. టిష్యూతో ఒక్కసారి తుడిచి పైపొడి తీసేయండి. ఈ తుడవడం మానేస్తే కాగితమంతా బూడిద రంగు అంటుకుంటుంది, పసుపు వాష్ వేయగానే అది మురికి ఆకుపచ్చగా తేలుతుంది. తర్వాత పై అంచుకి మాత్రం టేపు వేసి, బాల్‌పెన్‌తో మెల్లగా గీతల వెంట వెళ్లండి. టేపు పైనే ఉంటుంది కాబట్టి మధ్యమధ్యలో ఎత్తి చూసుకోవచ్చు. ఏ గీత వదిలేశారో తెలియాలంటే ఎర్ర ఇంకు వాడండి. అచ్చు పడ్డాక పిండిలా నలిగే రబ్బరుని అద్ది గీతని పలచన చేయాలి, రుద్దకూడదు. ఆఫీసుల్లో వాడే కార్బన్ పేపరు జోలికి మాత్రం వెళ్లకండి. దాని మైనం చెరగదు, పైన నీటిరంగు నిలవదు.

లేయర్11
డిజిటల్ వైపు నుంచి. తప్పనిసరి రూల్ పెడితే "పట్టుకోవడం" మొదలవుతుంది, అసలు ప్రమాదం అదే. బొమ్మనీ ఫొటోనీ ఒకదాని మీద ఒకటి పెట్టి, పైదాని ఒపాసిటీ (చిక్కదనం) 50 శాతం చేసి "గీతలు కలిశాయి చూడండి" అంటారు. జాగ్రత్తగా వేసిన గ్రిడ్ బొమ్మ కూడా అలాగే కలుస్తుంది. పైగా అలా పెట్టేవాళ్లు చాలాసార్లు బొమ్మని సాగదీసి, తిప్పి, కలిసేదాకా సర్దుతారు. అది రుజువెలా అవుతుంది?

"టైమ్‌లాప్స్ (వేసిన క్రమాన్ని వేగంగా చూపే వీడియో) చూపించు" అన్నదీ గట్టి పరీక్ష కాదు. బొమ్మలు వేసే యాప్‌లలో ప్రొక్రియేట్ దానంతటదే రికార్డు చేస్తుంది, కృతాలో 5.0 వెర్షన్ నుంచి రికార్డర్ ఉంది. కానీ ప్రొక్రియేట్‌లో ఫొటోని ప్రైవేటుగా తెచ్చుకుంటే ఆ లేయర్ టైమ్‌లాప్స్‌లో కనిపించదు. అబద్ధం చెప్పదలిచినవాడు సులువుగా దాటేస్తాడు, రికార్డింగ్ ఆపేసిన అమాయకుడు దొరికిపోతాడు.

ఇంతకంటే ముఖ్యమైనది వేరే ఉంది, ఎవరూ ఎత్తడం లేదు: ఫొటో ఎవరిది? క్రియేటివ్ కామన్స్ (సీసీ) అంటే తీసినవాళ్లు ముందే ఇచ్చేసే వాడకపు లైసెన్సులు. అందులో సీసీ0 ఫొటో అయితే ఏ షరతూ లేదు. సీసీ బై అయితే తీసినవాళ్ల పేరు, లైసెన్సు లింకు, మార్పులు చేశామన్న మాట రాయాలి. ఎన్‌సీ ఉంటే ఆ బొమ్మతో వ్యాపారం కుదరదు. ఎన్‌డీ ఉంటే మార్చి వేసినదాన్ని పంచుకోవడానికే ఆ లైసెన్సు ఒప్పుకోదు. ఇవేవీ లేని ఫొటోకి తీసినవాళ్ల అనుమతి అడగాలి. గ్రిడ్‌తో వేసినా, చూసి వేసినా ఈ లెక్క మారదు. ఇక వేరే ఆర్టిస్టు గీసిన బొమ్మ మీంచి ట్రేస్ చేసి సొంతమని పెట్టడమంటారా, అది లేబుల్ చర్చలోకే రాదు, నేరుగా తీసేయాల్సిన పోస్టు.

రేఖాప్రియ
సరే, ఇప్పటిదాకా వచ్చినదాన్ని బట్టి ఒక ప్రతిపాదన. "ట్రేసింగ్" అన్న ముద్ర బదులు అందరికీ ఒకే లైను: ఫొటో మూలం, గీత ఎలా దించారు. ఉదాహరణకి "ఫొటో: సొంతం. గీత: గ్రిడ్, 2.5 నుంచి 5 సెం.మీ." లేదా "ఫొటో: సీసీ బై, ఫలానావారు. గీత: లైట్‌బాక్స్." ఫ్రీహ్యాండ్ వాళ్లూ రాస్తారు కాబట్టి ఎవరినీ వేలెత్తి చూపినట్టు ఉండదు. క్రిటిక్ విభాగంలోనూ చాలెంజ్‌లోనూ తప్పనిసరి, మిగతాచోట్ల ఐచ్ఛికం.

నీటిమరక
నాకు సమ్మతమే. "సొంత స్కెచ్ నుంచి దించినది" అని కూడా ఒక రకం పెట్టండి.

హెచ్‌బీ_చాలు
చాలెంజ్‌లో మాత్రం నాకు అభ్యంతరం ఉంది. రాయిస్తే ఓటు వేసేవాళ్లు ఆ లైను చూసే మార్కులు వేస్తారు, బొమ్మ చూసి కాదు. పైగా మధ్యరకం వాళ్లని ఎక్కడ పెడతారు? కంటి మూలలు నాలుగు, ముక్కు రంధ్రాల అడుగులు, నోటి మూలలు, గడ్డం, చెవుల పైనా కిందా, జుట్టు మొదలయ్యే చోటు, ఇలా పదిహేను ఇరవై చుక్కలు మాత్రం ట్రేస్ చేసి మిగతాదంతా చూసి గీసే పద్ధతి ఉంది. నా లెక్కలో పూర్తి ట్రేసింగ్ కంటే ఇదే మంచి పోలిక తెస్తుంది. మొత్తం ట్రేస్ చేసేవాళ్లు నీడ అంచునీ ముఖం అంచునీ ఒకే మందంలో గీసేస్తారు, పళ్ల మధ్య సందులు కూడా వదలరు, షేడింగ్ మొదలెట్టేసరికి ఏ గీత దేనిదో వాళ్లకే తెలియదు.

బొగ్గుముక్క
ఆ చుక్కల పద్ధతి నాకూ ఇష్టమే, "చుక్కలు ట్రేస్" అని రాస్తే సరిపోతుంది. ఓట్ల భయం నిజమే, దానికి మందుంది. చాలెంజ్‌లో ఆ లైను ఓటింగ్ ముగిసేదాకా మోడరేటర్లకి మాత్రమే కనిపించాలి.

లేయర్11
గ్రిడ్ రాసేవాళ్లు గడి సైజు తప్పకుండా రాయాలి. 20×25 ప్రింటు మీద 1 సెం.మీ. గళ్లంటే 500. అంత చిన్న గడిలో కన్ను కొలవడానికి ఏమీ మిగలదు, ట్రేసింగ్‌కీ దానికీ తేడా ఓపిక ఒక్కటే.

బొగ్గుముక్క
1 సెం.మీ. గడిని నేనూ సమర్థించను. 2.5 గడిలో కళ్లు, నోరు ఉన్న నాలుగైదు గళ్లకి మాత్రం ఐమూలగా రెండు గీతలు గీసుకుంటే చాలు, మిగతా ముఖానికి అక్కర్లేదు.