శ్రీకాకుళంలో డాబా కారుతోంది, ఏ పని చేయిస్తే నిలుస్తుంది?

నమస్కారం అండీ. మాది శ్రీకాకుళం, ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర పాత డాబా ఇల్లు. 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పటి నుంచి అమ్మ పడుకునే గదిలో స్లాబు చెమ్మగిల్లుతోంది. మొన్న వేసవిలో 18 వేలు పెట్టి పైన వాటర్‌ప్రూఫ్ రంగు రెండు పూతలు వేయించాం. మొదటి పెద్ద వానకే పిట్టగోడ మొదట్లో ఆ పూత అప్పడంలా ఉబ్బిపోయింది, గోటితో లాగితే ఊడి వచ్చేసింది. గదిలో పెచ్చులు అమ్మ మంచం మీదే రాలుతున్నాయి. ఒకచోట తుప్పు పట్టిన ఊచ బయటపడింది, నా టెన్షన్ అంతా దాని గురించే. పని చేసినాయన ఫోన్ ఎత్తడం లేదు.

ఇప్పుడు ఒక మేస్త్రి గారు పిట్టగోడ మూల చెక్కించి, సిమెంటుతో గుండ్రంగా పూడ్చి, ఆ తర్వాతే పూత వేయాలంటున్నారు. నాకూ అదే సబబు అనిపిస్తోంది. ఇంకొకరు మొత్తం కూలింగ్ టైల్స్ పరిచేయమంటున్నారు.

మన జిల్లాలో ఇలా చేయించుకున్నవారు ఉన్నారా? రెండు వానాకాలాలు దాటాక ఎలా ఉంది? అడుగుకి ఎంత తీసుకున్నారు? తూము మూసి రెండు రోజులు నీళ్లు నిలబెట్టి చూశాకే మిగతా డబ్బు ఇస్తామంటే ఒప్పుకుంటున్నారా? ఊచకి ముందుగా ఏం చేయాలో కూడా చెప్పండి. అక్టోబరు తుపాన్లలోగా పని పూర్తి చేయించాలి.