ఆశా కార్యకర్త చేతికి ట్యాబ్ ఇస్తే ఊళ్లో బీపీ తగ్గుతుందా?

కొల్లేటి కొంగ:
ప్రాథమిక వైద్యాన్ని ఎలా బాగుచేయాలన్న విషయంపై మన పల్లెల్లోనే జరిగిన ఒక పెద్ద పరిశోధన గురించి ఇక్కడ ఎవరూ మాట్లాడినట్టు లేదు, అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను. ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల (పీహెచ్‌సీల) పరిధిలోని 54 గ్రామాల్లో స్మార్ట్‌హెల్త్ పేరుతో జరిగిన ఆ పరిశోధన ఫలితాలు 2019లో వెలువడ్డాయి. ఆశా కార్యకర్తలు 40 ఏళ్లు దాటినవారి ఇళ్లకు వెళ్లి, బీపీ చూసి, వివరాలు ట్యాబ్‌లో ఎక్కిస్తే, గుండెపోటు, పక్షవాతం ముప్పు ఎవరికి ఎక్కువో అది లెక్కకట్టి చెప్పేది. ముప్పు ఎక్కువున్నవారిని పీహెచ్‌సీ డాక్టరు దగ్గరకు పంపి, ఆ తర్వాత కూడా వాళ్లను కనిపెట్టుకుని ఉండటం ఆశా పని. 60 వేల మందికి పైగా జనాన్ని ఇలా పరీక్షించారు. ఇంత శ్రమపడ్డాక, ముప్పు ఎక్కువున్నవారిలో పై బీపీ 140 కంటే తక్కువకు వచ్చినవారు పథకం ఉన్న కాలంలో 41.2 శాతం, లేని కాలంలో 39.2 శాతం. ఆశాలతో ఇల్లిల్లూ తిప్పించే పద్ధతిని ఇక ఆపి, ఆ డబ్బు డాక్టర్ల నియామకానికి పెట్టడం మేలని నా అభిప్రాయం. కాదనేవారు కారణం చెప్పండి.

సీలేరు నీళ్లు:
రెండు శాతం పెరిగింది కదండీ, మరి ఫలితం లేదని ఎలా అంటారు?

లెక్కల పంతులు:
ఆ రెండు శాతాన్ని పట్టుకుని వేలాడవద్దు. ఈ పరిశోధనలో పీహెచ్‌సీలన్నింటికీ పథకాన్ని ఒకేసారి ఇవ్వలేదు, విడతలవారీగా ఇచ్చుకుంటూ వెళ్లారు, కాబట్టి పథకం ఉన్న నెలలు సహజంగానే తర్వాతి నెలలవుతాయి. ఈలోగా ఊరికి మంచి డాక్టరు వచ్చినా, జనానికి బీపీ గురించి నాలుగు విషయాలు తెలిసినా, ఆ మేలంతా పథకం ఖాతాలో పడిపోతుంది. కాలంతో వచ్చే మార్పును తీసివేసి, పథకం ఉన్నప్పటి ఫలితాన్ని లేనప్పటి దానితో పోలిస్తే మిగిలిన నిష్పత్తి 1.01. ఇక్కడ 1 అంటే తేడా లేదని అర్థం. అసలు నిష్పత్తి ఉండగల హద్దులు 0.76 నుంచి 1.35 దాకా ఉన్నాయి. అంటే మేలు జరిగిందని చెప్పలేం. కొంగగారు అన్నట్టు ఇది పనికిరాదని తేల్చడానికీ ఆ అంకెలు చాలవు.

కొల్లేటి కొంగ:
పంతులుగారూ, మీరు అటూ ఇటూ కాకుండా మాట్లాడుతున్నారు. అంత పెద్ద పరిశోధన చేసి తేడా చూపలేకపోతే దాన్ని విఫలమనే అంటారు.

లెక్కల పంతులు:
ఏది విఫలమైందో చెప్పకుండా విఫలమంటే ఒప్పుకోను. ఆశాలు ఇళ్లకు వెళ్లారు, బీపీ చూశారు, ముప్పున్నవారిని గుర్తించారు. ఈ పని పల్లెల్లో సాధ్యమేనని అదే పరిశోధన తేల్చింది. ఆ తర్వాతి మెట్టు దగ్గర ఏదో ఆగిపోయింది.

ఆశమ్మ కొడుకు:
మా అమ్మ ఆశా కార్యకర్త, అందుకని ఈ మాట కొంచెం గట్టిగానే చెబుతాను. ఇంటింటికీ తిరిగి ఆరోగ్య వివరాల పత్రం నింపితే ఒక్కో మనిషికి ఆమెకు దక్కేలా పెట్టినది 10 రూపాయలు. బీపీ, షుగరు ఉన్న మనిషిని 6 నెలలు కనిపెట్టుకుని మందులు వాడేలా చూస్తే 50 రూపాయలు. ఒక యాప్‌లో ఎక్కించిందే ఇంకో యాప్‌లో ఎక్కించాలి, అదే మళ్లీ రిజిస్టరులో రాయాలి. చివరికి బీపీ తగ్గలేదు గనక ఆశాలను ఆపేయమంటున్నారు. పీహెచ్‌సీకి పంపడం, ఆ తర్వాత కనిపెట్టుకుని ఉండటం వరకే ఆమె పని. అక్కడ కుర్చీలో డాక్టరు ఉన్నాడా, అలమరలో మాత్ర ఉందా అన్నది ఆమె చేతిలో లేదు. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్ దంపతులు అభయ్ బంగ్, రాణీ బంగ్ నడిపిన పరిశోధన 1999లో అచ్చయింది. పుట్టిన బిడ్డలకు ఇంటి దగ్గరే వైద్యం చేసే పథకం నడిచిన 39 ఊళ్లలో, మూడో ఏడు వచ్చేసరికి, నవజాత శిశు మరణాలు మిగతా ఊళ్లతో పోలిస్తే 62 శాతం తగ్గాయి. ఆ పని చేసింది పెద్ద చదువులు లేని పల్లెటూరి ఆడవాళ్లే. ఆశా పద్ధతి పనికిరాదనేవారు ముందు దానికి సమాధానం చెప్పాలి.

ఊరి చివరి ఇల్లు:
మా ఊరి ఆశా రాకపోతే నాకు బీపీ ఉన్నట్టే తెలిసేది కాదు.

పాత పీహెచ్‌సీ డాక్టరు:
గడ్చిరోలి ఉదాహరణను అందరూ చెబుతారు, అందులోని అసలు విషయాన్ని మాత్రం వదిలేస్తారు. అక్కడి ఆరోగ్య కార్యకర్త బిడ్డను చూసి పై ఆసుపత్రికి చీటీ రాసి ఊరుకోలేదు. ఒళ్లంతా ఇన్ఫెక్షన్ సోకిన బిడ్డకు జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ తానే ఇచ్చేది. నెలల తరబడి నేర్పి, పక్కన నిలబడి పర్యవేక్షించి, ఆ తర్వాతే ఆమె చేతికి సూది ఇచ్చారు. 2011లో ఇదే పద్ధతిని దేశమంతటా ఆశాలకు అప్పగించినప్పుడు ఇళ్లకు వెళ్లడం మిగిలింది, సూది మిగలలేదు. ఇక హోప్-4 అనే పరిశోధన సంగతి చూడండి. కొలంబియా, మలేసియాల్లో 30 చోట్ల, 1,371 మందితో చేసిన ఆ పరిశోధన కూడా 2019లోనే వెలువడింది. అక్కడ కూడా డాక్టరు కాని కార్యకర్తలే, చేతిలో ట్యాబే. అయితే ఉచితంగా మాత్రలు ఇచ్చారు, ఆ కార్యకర్తలు డాక్టరు పర్యవేక్షణలో మందు సూచించారు, రోజూ గుర్తుచేయడానికి ఇంట్లోనో స్నేహితుల్లోనో ఒకరిని పెట్టారు. ఏడాదికి బీపీ అదుపులోకి వచ్చినవారు ఆ పక్షంలో 69 శాతం, మామూలు వైద్యం పొందినవారిలో 30 శాతం.

లెక్కల పంతులు:
డాక్టరుగారూ, కొలంబియాకూ మన చింతలపూడి పల్లెలకూ పోలిక పెట్టడం పద్ధతి కాదు. పోల్చాలంటే బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక పల్లెల్లో జరిగి 2020లో వెలువడిన కోబ్రా-బీపీఎస్ దగ్గరగా ఉంటుంది. 2,645 మంది, 30 పల్లె సముదాయాలు. కార్యకర్తలు ఇళ్లకు వెళ్లారు, డాక్టర్లకు శిక్షణ ఇచ్చారు, రెండింటినీ ప్రభుత్వ వ్యవస్థతో ముడిపెట్టారు. రెండేళ్లకు పై బీపీలో సగటున అదనంగా తగ్గినది 5 పాయింట్లు. మంచి ఫలితమే గాని, మీ 69, 30 అంకెలంత ఆర్భాటంగా లేదు.

పాత పీహెచ్‌సీ డాక్టరు:
మీరు అంకెల దగ్గరే ఆగిపోతున్నారు. నేను అడుగుతున్నది మాత్ర ఎక్కడ దొరికిందని.

కొల్లేటి కొంగ:
మాత్ర సంగతి ఎత్తారు కాబట్టి చెబుతాను. మా నాన్నగారు ఊరికి నెలకోసారి వచ్చే వాహనం దగ్గర బీపీ మాత్రలు తీసుకునేవారు. కొంతకాలం ఆ మాత్ర రాలేదు. వచ్చే నెల చూద్దామన్నారు, వచ్చే నెలా అదే మాట. తల నొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, మందు లేకపోయినా బాగానే ఉన్నాననుకుని ఆయన ఊరుకున్నారు. తర్వాత పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. ఆ రోజుల్లో మా వీధి ఆశా వారం వారం వచ్చి పుస్తకంలో రాసుకుని వెళ్లేది. ఆమె మంచిదే, కాని రాసుకోవడం వల్ల ఆయనకు ఒరిగిందేమిటి? చేతిలో మందు లేని మనిషి పలకరింపును వైద్యమని పిలవడం నాకు ఎగతాళిగా అనిపిస్తుంది. పంతులుగారు నిష్పత్తులు రాస్తున్నారు, ఆశమ్మ కొడుకుగారు రూపాయలు లెక్కపెడుతున్నారు, డాక్టరుగారు కొలంబియా వెళ్లారు.

ఆశమ్మ కొడుకు:
మీ నాన్నగారి విషయానికి నిజంగా బాధపడుతున్నాను. అయితే మాత్ర పంపనివాళ్లను వదిలేసి, ఇంటికి వచ్చిన ఏకైక మనిషి మీద కోపం తీర్చుకోవడం న్యాయమా? ఆ వాహనం తలుపు తెరిచేది మా అమ్మ కాదు. మీరు కోరే డాక్టర్లు రాత్రి ఊళ్లో ఉండరు, మా అమ్మ ఉంటుంది.

పాత పీహెచ్‌సీ డాక్టరు:
రాత్రి ఊళ్లో ఉండని డాక్టర్లంటే నన్నే అంటున్నారని అర్థమైంది. 30 వేల జనాభాకు ఒక పీహెచ్‌సీ అని నియమం. ఆ ఒక్క మనిషే కాన్పులు, పోస్టుమార్టంలు, సమావేశాలు, నివేదికలు చూసుకుంటూ బీపీ రోగులందరికీ ప్రతి నెలా చీటీ రాయాలంటే అది జరిగే పని కాదని నేను చెబితే తప్పించుకుంటున్నాడంటారు. 2023 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానంలో డాక్టరు నెలకు రెండుసార్లు ఊరికి వచ్చేలా ఏర్పాటు చేశారు, మంచిదే. కాని బీపీ మాత్ర రోజూ వేసుకోవాలి.

నిర్వాహకుడు:
ఒకరి వృత్తిని ఒకరు తక్కువ చేసి మాట్లాడవద్దు. విషయం మీద రాయండి.

కొల్లేటి కొంగ:
సరే, విషయమే అడుగుతాను. డాక్టరుగారూ, గడ్చిరోలిలో సూది ఇచ్చారు గనక పిల్లలు బతికారని మీరే రాశారు. అలాంటప్పుడు మా ఊరి ఆశా చేతికి బీపీ మాత్ర ఆమ్లోడిపిన్ ఎందుకు ఇవ్వకూడదు? నాకు డాక్టరు కావాలని పైన రాశాను, నిజానికి నాకు కావలసింది ఊళ్లో మాత్ర. అది ఎవరి చేతి నుంచి వస్తే నాకేం?

పాత పీహెచ్‌సీ డాక్టరు:
ఇక్కడే మీతో ఏకీభవించలేను. ఆమ్లోడిపిన్‌తో కొందరికి కాళ్లు వాస్తాయి. టెల్మిసార్టాన్ అనే ఇంకో బీపీ మాత్ర గర్భిణికి ఇవ్వకూడదు, మూత్రపిండాల జబ్బున్నవారికి ఇస్తే రక్తంలో పొటాషియం పెరిగే ప్రమాదం ఉంది. ఊరి ఆర్ఎంపీలు అడిగినవారికల్లా యాంటీబయాటిక్ సూదులు పొడిచిన ఫలితం ఇప్పటికే అనుభవిస్తున్నాం. మొదటి చీటీ డాక్టరే రాయాలి. ఆ తర్వాత అదే మాత్రను నెలనెలా ఊరి ఆరోగ్య ఉపకేంద్రమైన సబ్‌సెంటర్‌లో నర్సింగ్ చదివిన సిబ్బంది ఇవ్వవచ్చు. తెలంగాణతో సహా 5 రాష్ట్రాల్లో మొదలుపెట్టిన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం ఇదే దారి పట్టింది. అందరికీ ఒకటే చికిత్సా క్రమం, తెగకుండా మందుల సరఫరా, ఇంటి దగ్గరలో మాత్ర, ఎవరు రాలేదో చెప్పే చిట్టా. ఆశా పని ఆ రానివాళ్ల తలుపు తట్టడం.

కొల్లేటి కొంగ:
అంటే మీ అభ్యంతరం ఆశా మీదనే గాని, మాత్ర ఊళ్లో ఉండటం మీద కాదన్నమాట. ఇది మొదట్లోనే చెప్పి ఉంటే ఇంత పెరిగేది కాదు. అయినా అడుగుతాను, సబ్‌సెంటర్ మూసి ఉన్న రోజు సంగతేమిటి?

లెక్కల పంతులు:
దానికి మళ్లీ పశ్చిమ గోదావరిలోనే పరిశోధన పెట్టవచ్చు. కొన్ని ఊళ్లలో మాత్ర సబ్‌సెంటర్‌లో, కొన్నింటిలో ఆశా ఇంటి దగ్గర, రెండు చోట్లా మొదటి చీటీ డాక్టరుదే. ఏడాదిలో మాత్ర తప్పిన రోజులెన్నో లెక్కించాలి. ఈసారి ట్యాబ్‌ను రెండు పక్షాలకూ ఇవ్వండి, దాని గొడవ వదిలిపోతుంది.

సీలేరు నీళ్లు:
మాత్ర సరఫరా ఆగిన నెలలను ఏ పక్షంలో వేస్తారండీ?

లెక్కల పంతులు:
అది తీసేయకూడదు. ఫలితంలో భాగంగానే లెక్కించాలి.

ఆశమ్మ కొడుకు:
అందరూ కలిసి మా అమ్మ ఇంట్లో మందుల పెట్టె పెట్టేశారు, ఆమెను అడగకుండానే. నేను ఒప్పుకోను. డాక్టరుగారు చెప్పిన భయం వల్ల కాదు, నేర్పితే ఆమె నేర్చుకుంటుంది, పుట్టిన బిడ్డను తూచడం నేర్చుకోలేదా? రేపు ఎవరికైనా కాళ్లు వాచినా, పెట్టెలో నాలుగు మాత్రలు తక్కువైనా, జనం వచ్చేది మా గుమ్మంలోకి. నెల జీతం, ఉద్యోగపు కాగితం, తప్పు జరిగితే ఎవరు పూచీ పడతారో రాతపూర్వకంగా ఉండాలి. అవి లేకుండా 50 రూపాయలకు ఆ బాధ్యత మోయవద్దని ఆమెకు నేనే చెబుతాను. మీ పరిశోధనలో ఆ ఖర్చు కూడా వేస్తే ఊళ్లు చూపించడానికి నేను సిద్ధం.

పాత పీహెచ్‌సీ డాక్టరు:
జీతం విషయంలో మీతో ఉన్నాను. చీటీ విషయంలో కాదు.