‘అనుపతన్నగాత్’ అనాలా, ‘అనుపతన్న గామ్’ అనాలా?

రేణువు:
ఫిబ్రవరి 28న జాతీయ సైన్స్ దినోత్సవానికి మా ఊరి బడిలో నానో సాంకేతికత మీద చిన్న ప్రదర్శన పెడుతున్నాము. చీకటి గదిలో కిటికీకి అట్ట అడ్డుపెట్టి, దాని కన్నంలోంచి ఎండ పడనిచ్చి, అందులో తేలే ధూళిని పిల్లలకు చూపించిన తరువాతనే నానోమీటరు (మీటరులో నూరు కోట్లవ వంతు) మాట ఎత్తాలని ఆలోచన. ఆ కిటికీ పక్కన రాయడానికి భాగవతం తృతీయ స్కంధం 11వ అధ్యాయంలోని త్రసరేణువు (కిటికీ ఎండలో కనిపించే ధూళికణం) శ్లోకం బాగుంటుందనుకున్నాను. ‘జాలార్కరశ్మ్యవగతః ఖమేవానుపతన్న...’ వరకు నోటికి వస్తున్నది. చివరి అక్షరం ‘గాత్’ అని ఒకసారి, ‘గామ్’ అని ఒకసారి అనిపిస్తున్నది. పెద్దలు తేల్చగలరు.

పాత పంతులు:
‘గాత్’ అనే చదవాలి. పతన్ + అగాత్. హ్రస్వం మీద ఉన్న పదాంత నకారానికి అచ్చు పరమైతే ‘ఙమో హ్రస్వాదచి ఙముణ్నిత్యమ్’ సూత్రం చేత నుడాగమం (మరో నకారం చేరడం) వచ్చి ‘పతన్నగాత్’ అవుతుంది. తేలికదనం వల్ల ఆకాశాన్నే అనుసరించి పోయింది అని అర్థం. ఇందులో తేల్చవలసినది ఏమీ లేదు.

కృష్ణాతీరం:
పంతులు గారి సంధి నిర్దుష్టమే గాని, ‘పతన్, న, గాత్’ అని విడదీసినా చెవికి అదే ధ్వని కదా! ఆ ‘న’ నిషేధార్థకం ఎందుకు కాకూడదు? ‘పోలేదు’ అన్నప్పుడు రేణువు నిలకడగా తేలడం స్ఫురిస్తుంది.

పాత పంతులు:
కాకూడదు. భూతకాలపు లుఙ్‌లో అడాగమం (ముందు చేరే ‘అ’) లేని ‘గాత్’ అనే రూపం మాఙ్ యోగంలోనే, అంటే నిషేధార్థకమైన ‘మా’తో కలిసినప్పుడే, చెల్లుతుంది. ఇక్కడ ‘మా’ ఏదీ?

కృష్ణాతీరం:
‘బహులం ఛందస్యమాఙ్యోగేఽపి’ అన్న సూత్రాన్ని, అంటే వేదంలో ‘మా’ లేకున్నా ఆ ‘అ’ లోపించవచ్చన్న మాటను, తాము మరిచిపోయి ఉండరు. వైదిక ప్రయోగాల మీద భాగవతానికి ఉన్న మక్కువ ఎవరికి తెలియదు?

నిఘంటుప్రియ:
ఆర్షమనే (ఋషుల ప్రయోగమనే) ఊతకర్ర అక్కరలేకుండానే ‘న గామ్’ అనే పాఠం నిలబడుతుంది. ‘గో’ శబ్దానికి ద్వితీయలో ‘గామ్’, అంటే భూమిని. ‘ఆకాశాన్నే అనుసరిస్తుంది గాని నేలను కాదు’ అని అన్వయం. ‘ఏవ’కారానికి (‘మాత్రమే’ అనే మాటకు) కూడా అప్పుడే సార్థక్యం కలుగుతుంది, కృష్ణాతీరం గారి విభజనలో ‘ఎక్కడికి పోలేదు?’ అన్న ప్రశ్న మిగిలిపోతున్నది. ఛందస్సును సాక్ష్యం పిలవాలనుకునేవారికి ముందే మనవి: ఎనిమిది అక్షరాల పాదంలో అయిదవది లఘువు, ఆరవది గురువు, ఏడవది లఘువు రెండు పాఠాల్లోనూ పడతాయి.

సూక్ష్మదర్శిని:
నేను పదార్థ విజ్ఞానం వైపు మనిషిని కనుక వ్యాకరణం జోలికి వెళ్ళను. నిశ్చలమైన గాలిలో నీటి సాంద్రత గల 10 మైక్రోమీటర్ల (మిల్లీమీటరులో నూరో వంతు) రేణువు సెకనుకు సుమారు 3 మిల్లీమీటర్లు దిగుతుంది, అంటే మీటరు దూరం దిగడానికి ఆరు నిమిషాలైనా పట్టదు. ఒక మైక్రోమీటరుదైతే దాదాపు 8 గంటలు, 100 నానోమీటర్లదైతే ఇంచుమించు రెండు వారాలు తీసుకుంటుంది. గదిలో గాలి ఏ కాస్త కదిలినా ఈ లెక్కలను మింగేస్తుంది కనుక, ఎండలో రేణువు పైకి పోవడమూ నిజమే, నేలకు చేరకపోవడమూ నిజమే. మీ రెండు పాఠాలకూ భౌతికశాస్త్రం అడ్డు చెప్పదు.

అయితే రేణువు గారికి ఒక విన్నపం. కంటికి ఆనే త్రసరేణువును నానో అనకండి. శ్లోకం ప్రకారం రెండు పరమాణువులు ఒక అణువు, మూడు అణువులు ఒక త్రసరేణువు. కొన్ని మైక్రోమీటర్ల ధూళిని ఆరు భాగాలు చేస్తే వచ్చే ముక్క వ్యాసంలో సగానికి కాస్త పైనే ఉంటుంది గాని, నానోమీటరులో పదో వంతు ఉండే నేటి పరమాణువు దరిదాపులకు రాదు.

నిఘంటుప్రియ:
అసలు ఆ అధ్యాయం చెప్పేది కాలమానం. మూడు త్రసరేణువులు ఒక త్రుటి, నూరు త్రుటులు ఒక వేధ, మూడు వేధలు ఒక లవం అంటూ నాడిక దాకా పోతుంది. నాడికను 24 నిమిషాలుగా తీసుకుని వెనక్కి లెక్కిస్తే పరమాణు కాలం సుమారు 26 మైక్రోసెకన్లు. కాలంలోనూ నానో తగల్లేదు!

గోదావరి గట్టు:
సూక్ష్మాన్ని గురించి ఇంత చర్చ జరుగుతుండగా అన్నమయ్యను ఎవరూ తలుచుకోలేదేమి? ‘అణురేణుపరిపూర్ణమైన రూపము, అణిమాదిసిరి అంజనాద్రిమీది రూపము’ అన్న పల్లవి ముందు ఏ శ్లోకం నిలుస్తుంది? ఈ అణువు, రేణువు రెండూ భాగవతంలోని మెట్ల నుంచే దిగివచ్చాయని నా నమ్మకం. మన పాఠ్యపుస్తకాలు ఆటమ్‌ను పరమాణువనీ, మాలిక్యూల్‌ను అణువనీ అనడానికి మూలం కూడా ‘అణుర్ద్వౌ పరమాణూ’ అన్న చోటే ఉంది.

పాత పంతులు:
నమ్మకం వేరు, ఉపపత్తి వేరు. పాఠ్యపుస్తకం అణువును మాలిక్యూల్ అంటే, పరమాణు కేంద్రకాన్ని చీల్చేదానికి అణుబాంబు అని పేరు పెట్టినవారు ఏ స్కంధం చదివారు? అన్నమయ్య ‘అణురేణు’ అన్నది సర్వవ్యాపకత్వం చెప్పడానికే. ‘ఇందుగలడందు లేడని’ అన్న పోతన్న పద్యమూ ఆ తోవలోదే. అక్కడ కొలత వెదకడం రసభంగం.

రేణువు:
పురాణాల్లోనే నానో ఉందని రాసే ఉద్దేశం నాకు లేదు. పిల్లలు తమ కంటితో చూడగలిగిన దగ్గర మొదలుపెట్టాలన్నదే నా తాపత్రయం.

సూక్ష్మదర్శిని:
మొదలుపెట్టండి, అక్కడే ఆగకండి. త్రసరేణువును సగం చేస్తే చిన్న ధూళి అవుతుందే తప్ప దాని స్వభావం మారదు. నానో ప్రమాణంలోనైతే పరిమాణంతో పాటు గుణమూ మారుతుంది. 2023లో రసాయనశాస్త్ర నోబెల్ బావెండి, బ్రూస్, ఎకిమోవ్‌లకు వచ్చింది ఈ సంగతికే. కాడ్మియం సెలినైడ్ క్వాంటం బిందువు (కొన్ని నానోమీటర్ల స్ఫటికం) ఇంచుమించు 2 నానోమీటర్లుంటే నీలంగా, 6 ఉంటే ఎర్రగా వెలుగుతుంది. పదార్థం అదే, రంగు వేరు. ఫారడే 1857లోనే మెరుగు బంగారాన్ని కెంపు రంగు ద్రవంగా చూపించాడు. ఎండలోని ధూళి పక్కన ఆ ఎర్రని బంగారం బొమ్మ ఒకటి పెట్టండి. ‘నానో’ అంటే చిన్నదనే కారు మొదలు ఎరువు సీసా దాకా అలవాటైన మనవాళ్ళకు తేడా తెలియవలసింది అక్కడే.

కృష్ణాతీరం:
రంగుల సంగతి అలా ఉంచండి. నిఘంటుప్రియ గారు ‘గామ్’ పాఠాన్ని ఏ ప్రతిలో చూశారో ఇంతవరకు చెప్పలేదు.

నిఘంటుప్రియ:
నేను అన్వయం చెప్పానే గాని ప్రతి చూపిస్తానని మాట ఇవ్వలేదు. తమ ‘న గాత్’కు ప్రతి ఏదో ముందు సెలవిస్తే, నా పుస్తకాల అటక నేనూ దించుతాను.

పాత పంతులు:
ప్రతులెందుకు? నుడాగమం ఒక్కటి ఒప్పుకుంటే ఇద్దరికీ శ్రమ తప్పుతుంది.

రేణువు:
బోర్డు రాసే అబ్బాయి సాయంత్రం వస్తున్నాడు. ‘గాత్’ అని రాయించి, కింద సంధి విడదీయకుండా వదిలేస్తున్నాను.

కృష్ణాతీరం:
అలాగైతే నా పాఠమూ అందులో ఉన్నట్టే.