పందికొక్కులో పంది ఎందుకుంది?

అందరికీ నమస్తే. మా పాప స్కూల్ ప్రాజెక్టుకి రోడెంట్స్ (ఎలుకల్లాంటి కొరికే జంతువులు) లిస్టు రాస్తోంది, నేను పక్కన కూర్చుని తెలుగు పేర్లు చెప్తున్నా, ఎలుక ఉడుత అయ్యాక పందికొక్కు అన్నా, వెంటనే నాన్నా అది పందా ఎలుకా అని అడిగింది. ఎలుకే అన్నా గానీ మరి ఆ పంది ఏంటి, కొక్కు ఏంటి అంటే నోరు పెగల్లేదు. తెలిస్తే చెప్పండి.

— కొక్కు అంటేనే ఆ పెద్ద ఎలుక అండి, పాత మాట. వినాయకుణ్ణి కొక్కురౌతు అంటారు కదా, అదే ఇది. బ్రౌన్ నిఘంటువులో కూడా విడిగా ఉంది. పంది అని ముందు తగిలించింది దాని సైజు చూసి, బెదిరితే అది చేసే గుర్రుగుర్రు విని అని నా లెక్క. ఇంగ్లీషువాళ్ళ బాండికూట్ మన పందికొక్కే! తర్వాత ఆస్ట్రేలియాలో మూతి పొడుగ్గా ఉన్న ఇంకేదో జంతువు కనపడితే దానికీ అదే పేరు పెట్టేశారు, అదేమో సంచిలో పిల్లల్ని మోసేది, కంగారూకి చుట్టం, ఎలుకల జాతే కాదు.

— మాది డెల్టా. పొలాల్లో దీంట్లోనే చిన్న రకం ఒకటుంటుంది, వరి కంకులు కొరికి కలుగులోకి లాక్కెళ్ళి దాస్తుంది. మా చిన్నప్పుడు కోతలయ్యాక యానాదులొచ్చి గట్లు తవ్వితే లోపల్నించి కంకులు గుత్తులుగుత్తులు వచ్చేవి, ఆ వడ్లు వాళ్ళవే. కలుగు మూతి దగ్గర కొత్త మట్టి కుప్పగా ఉంటే లోపల ఉన్నట్టే లెక్క. చాలావరకు కలుగుకి ఒక్కటే ఉంటుంది, పిల్లల తల్లయితే తప్ప. "పందికొక్కుల్లా మేస్తున్నారు" అని నాయకుల్ని ఊరికే తిట్టరు కదా, తినేది కొంత, దాచేది ఇంకెంతో.

— మా దిక్కు కలుగు అనం, ఎలుక పొక్క అంటం. బొక్క అంటే మాకు ఎముక, ఆంధ్రోళ్ళు ఎలుక బొక్క అంటే మొదట్ల నవ్వొచ్చేది 😄

— సార్, పాపకి ఒకమాట చెప్పండి, తెలుగు పేరు నమ్మి లిస్టు రాయొద్దని. ముళ్ళపంది పేరులో పంది ఉన్నా అది రోడెంటే, చుంచెలుకలో (ఇంగ్లీషులో ష్రూ అంటారే, అది) ఎలుక ఉన్నా అది రోడెంట్ కాదు, అది పురుగులు తినే వేరే జాతి. చూడాల్సింది ముందుపళ్ళు, అదే బళ్ళో కుంతకాలు అని చదువుకున్నామే అవి. రోడెంట్లకి అవి చచ్చేదాకా పెరుగుతూనే ఉంటాయి, పైగా ముందువైపే గట్టి ఎనామెల్ ఉంటుంది, వెనకవైపు మెత్తన, అందుకని కొరికేకొద్దీ వెనక అరిగి ఉలిలాగా పదునెక్కుతాయి. ఇంట్లో వైర్లు కొరికేది ఆకలేసి కాదు మరి. కుందేలు కూడా రాసుంటే కొట్టేయమనండి, దానికి పై పళ్ళ వెనక ఇంకో బుల్లి జత ఉంటుంది, అందుకే దాన్ని వేరే గుంపులో పెట్టారు.

— అయ్యో, కుందేలు రాసి రంగులు కూడా వేసేసింది. ముళ్ళపంది రాయమన్నా, టీచర్ గారు కొట్టేస్తే మిమ్మల్నే బళ్ళోకి పిలుస్తా.