గాలి మొత్తం ఒక్కసారిగా అయిదింతలు చూపిస్తోంది, డేటాబేస్‌లో ఎక్కడ వెతకాలి?

చీనీతోట:
అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం దగ్గర పల్లె. చీనీ తోటకు డ్రిప్‌తో నీళ్లు పెడతాం. మోటారు ఎంతసేపు వేయాలో లెక్క తెలియడానికి మిద్దె మీద చిన్న వాతావరణ కేంద్రం పెట్టుకున్నాను. అది కొలిచినవన్నీ రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్లో, వీవెక్స్ అనే వాతావరణ సాఫ్ట్‌వేర్ ద్వారా ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైల్లోకి చేరతాయి.

మా దగ్గర చెట్టుకు ఎండ ఎంతో గాలీ అంతే. ఆషాఢంలో పడమటి గాలి పట్టుకుంటే, మబ్బేసి చల్లగా ఉన్న రోజున కూడా పాదులు సాయంత్రానికి ఆరిపోతాయి. అందుకే ఏ నిమిషంలో ఎంత వేగం అన్నదాని కన్నా, రోజు మొత్తం మీద ఎన్ని కిలోమీటర్ల గాలి పోయిందన్నదే నాకు కావాలి.

డేటాబేస్ నుంచి ఆ మొత్తం తీసే నా క్వెరీ చాలా చిన్నది. ఆ రోజు విండ్‌స్పీడ్ విలువలన్నీ కూడి 0.3తో గుణిస్తుంది. వేగం సెకనుకు మీటర్లలో ఉంటుంది, రికార్డు 5 నిమిషాలకు ఒకటి, అంటే 300 సెకన్లు. అలా 0.3 వచ్చింది. పోయిన నెల దాకా గాలి రోజుల్లో 350 నుంచి 400 కిలోమీటర్లు చూపించేది. నడుమ ఒక రోజు 1,150 చూపించింది. ఆ మర్నాటి నుంచి రోజూ 1,900కు అటూ ఇటూ. 1,900ని 24తో భాగిస్తే గంటకు 79 కిలోమీటర్లు! వాతావరణ శాఖ 62 దాటితే తుఫాను అంటుంది. ఇక్కడ తోటలో ఒక్క కొమ్మ కూడా విరగలేదు.

వేగం గ్రాఫు మాత్రం బాగానే ఉంది. మధ్యాహ్నం మూడింటికి 8, 9 మీటర్లు, తెల్లవారుజామున 2. మధ్యలో జరిగిందల్లా ఒక్కటే: మెమరీ కార్డు పోతే మా తమ్ముడి కొడుకు కొత్త కార్డులో అంతా మళ్లీ ఎక్కించి, పాత డేటాబేస్ ఫైలు అందులో పెట్టాడు. ఈ అంకె లేక ఇప్పుడు కంటిచూపు మీద నీళ్లు పెడుతున్నాను. కాయ పడే కాలం, టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు దారి చెప్పండి.

హోసూరు మిద్దె:
ముందు యూనిట్లు చూడండి. యూఎస్‌యూనిట్స్ కాలమ్‌లో 1 ఉంటే గంటకు మైళ్లు, 16 ఉంటే గంటకు కిలోమీటర్లు, 17 ఉంటే సెకనుకు మీటర్లు. అయితే యూనిట్ల గొడవైతే తేడా 3.6 రెట్లో, 2.2 రెట్లో రావాలి. పైగా డేటాబేస్‌లో ఉన్న యూనిట్లు ఒకటి, కొత్త రికార్డువి ఇంకొకటి అయితే వీవెక్స్ ఆ రికార్డును తీసుకోదు. గాలికి తిరిగే గిన్నెల లోపల చుట్లు లెక్కించే రీడ్ స్విచ్ ఒక చుట్టుకు రెండు మూడు సార్లు కొట్టుకుంటే కూడా మొత్తం పెరుగుతుంది. కానీ అప్పుడు గ్రాఫులోనే ముళ్లలా పైకి లేస్తుంది. మీ గ్రాఫు శుభ్రంగా ఉందంటున్నారు కాబట్టి సెన్సార్ జోలికి పోకండి.

గాలిమర:
అన్నా, సరిగ్గా అయిదు రెట్లంటే అది గాలి కాదు, రికార్డుల సంఖ్య. ఆర్కైవ్ పట్టికలో ఇంటర్వెల్ అని ఒక కాలమ్ ఉంటుంది. ఆ రికార్డు ఎన్ని నిమిషాలదో అందులో రాసి ఉంటుంది. కార్డు మార్చిన రోజుకు ముందు 5, తర్వాత 1 కనిపిస్తే ఇదే. రోజుకు 288 రికార్డులకు బదులు 1,440 వస్తున్నాయి, మీ క్వెరీ ఒక్కో నిమిషాన్నీ అయిదు నిమిషాలుగా లెక్కేస్తోంది. 1,150 వచ్చిన రోజు సగం పాత లెక్క, సగం కొత్త లెక్క.

0.3 తీసేసి, ప్రతి రికార్డుకూ వేగాన్ని దాని ఇంటర్వెల్‌తోనూ 0.06తోనూ గుణించి, ఆ తర్వాత కూడండి. రేపు ఎవరు సెట్టింగు మార్చినా లెక్క చెడదు.

అసలు మీకు ఆ శ్రమ కూడా అక్కర్లేదు. అదే ఫైల్లో ఆర్కైవ్_డే_విండ్‌స్పీడ్ అనే రోజువారీ పట్టిక ఉంది. అందులో సమ్ కాలమ్‌ను ముట్టుకోకండి, దానికీ ఇదే జబ్బు. డబ్ల్యూసమ్ చూడండి. ప్రతి వేగాన్నీ అది నడిచిన సెకన్లతో గుణించి కూడిన మొత్తం అది. సెకనుకు మీటర్లను సెకన్లతో గుణిస్తే మిగిలేది మీటర్లే కదా, అంటే మీరు వెతుకుతున్న గాలి మొత్తం మీటర్లలో అక్కడే ఉంది. వెయ్యితో భాగించండి, చాలు. పక్కనే సమ్‌టైమ్ ఉంటుంది. అది 86,400 ఉంటే రోజంతా డేటా ఉన్నట్టు, తక్కువుంటే మధ్యలో తెగినట్టు.

చీనీతోట:
అన్నా, అచ్చంగా మీరు చెప్పినట్టే ఉంది. ఇంటర్వెల్ 5 నుంచి 1కి మారింది. పిల్లవాణ్ణి అడిగితే గ్రాఫు గీత నున్నగా రావాలని 60 సెకన్లు పెట్టానన్నాడు. గ్రాఫు నిజంగానే బాగుంది, అలాగే ఉంచుతున్నాను. నిన్నటి డబ్ల్యూసమ్ 3,84,100, అంటే 384 కిలోమీటర్లు. సగటు 4.45 మీటర్లు వచ్చింది, 86.4తో గుణించి చూసుకున్నా అదే. ప్రాణం కుదుటపడింది.

ఒక్క సందేహం. నా పాత క్వెరీని ఇంటర్వెల్‌తో సరిచేసి నడిపితే అదే రోజుకు 371 వస్తోంది. ఈ 13 ఎక్కడికి పోయింది?

గాలిమర:
మీ క్వెరీలో తేదీని యునిక్స్ సమయం (డేటాబేస్‌లో సెకన్ల లెక్కలో ఉండే సమయం) నుంచి నేరుగా తీస్తున్నట్టున్నారు. లోకల్‌టైమ్ అని చెప్పకపోతే ఎస్‌క్యూలైట్ గ్రీనిచ్ లెక్కలో రోజును విడగొడుతుంది. అప్పుడు మీ రోజు పొద్దున అయిదున్నరకు మొదలై మర్నాడు అయిదున్నరకు ముగుస్తుంది. రోజువారీ పట్టికకు ఆ ఇబ్బంది లేదు, మన అర్ధరాత్రి నుంచే లెక్కిస్తుంది. ఇంకో చిన్న విషయం, రికార్డు మీద ఉండే సమయం ఆ విరామం ముగిసే సమయం. కాబట్టి సరిగ్గా రాత్రి 12 గంటల రికార్డు ముందు రోజుది.

నెల్లూరు వాన:
చీనీతోట గారూ, నీళ్ల లెక్కకే అయితే ఎత్తు కూడా చూడాలి. ఆవిరి లెక్కకు అందరూ వాడే 1998 నాటి ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) 56 పద్ధతి గాలిని 2 మీటర్ల ఎత్తులో అడుగుతుంది. మీ మీటరు ఎంత ఎత్తులో ఉంది? 10 మీటర్లయితే 0.75తో, 6 మీటర్లయితే 0.81తో గుణించాలి. లేకపోతే రోజూ అవసరానికి మించి నీళ్లు పెడతారు.

చీనీతోట:
నేల నుంచి 6 మీటర్లు గారూ. అంటే 384 కాస్తా 311 అవుతుంది. మా బోర్లలో నీళ్లు ఎంత లోతుకు పోయాయో తెలిసినవాడికి ఆ తేడా చిన్నది కాదు.

సమ్‌టైమ్ చూశాక ఇంకొకటి బయటపడింది. పోయిన వారం ఒక రోజుకు 61,200 సెకన్లే ఉన్నాయి. అర్ధరాత్రి నుంచి ఏడింటి దాకా కరెంటు లేదు. ఉన్న డేటా 302 కిలోమీటర్లు. దాని సగటును రోజంతటికీ సాగదీస్తే 426 అవుతోంది, అది తప్పు. పోయినవన్నీ గాలి నెమ్మదిగా ఉండే గంటలు. ముందు రోజు, తర్వాత రోజు అవే గంటలు చూస్తే 60 దగ్గర ఉంది. అందుకని ఆ రోజుకు 362 రాసుకుని, పక్కన అంచనా అని గుర్తు పెట్టాను. డేటాబేస్‌లో మాత్రం ఏమీ నింపలేదు. ఇక రాత్రికి రాస్ప్‌బెర్రీ పై కోసం చిన్న బ్యాటరీ బ్యాకప్ చూస్తున్నాను, 5 వోల్టులది ఎవరైనా వాడుతుంటే చెప్పండి.