ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎక్కించినంక లాగిన్ అయితలేదు, జెర చెప్పుండ్రి

హన్మకొండ_డీటీపీ:
అన్నలూ, పొద్దుగాల్నించి గిదే లొల్లి. ఉబుంటుల ఉన్న గ్నోమ్ డెస్క్‌టాప్ మస్తు స్లో అయితుందని, దాని బదులు ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎక్కించిన. పాస్‌వర్డ్ కొడ్తే స్క్రీన్ ఒక్కసారి నల్లగయి మళ్ల లాగిన్ కాడికే వస్తది. పాస్‌వర్డ్ తప్పు అని గూడ అంటలేదు. యూనివర్సిటీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులన్నీ అండ్లనే ఉన్నయి, రేపు బైండింగ్‌కు ఇయ్యాలె. ఇక్కడ అందరు ఫార్మాట్ కొట్టుమంటుండ్రు. వేరే దారి లేదా?

కాజీపేట_టెర్మినల్:
ఏ వెర్షన్? ఏం కమాండ్ కొట్టినవ్?

హన్మకొండ_డీటీపీ:
ఉబుంటు లినక్స్ అన్నా. అందరు కొట్టేదే కొట్టిన, సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ జుబుంటు-డెస్క్‌టాప్. నడుమ ఒక డబ్బా వచ్చి జీడీఎం3నా, లైట్‌డీఎంనా అని అడిగితే లైట్‌డీఎం పెట్టిన.

కాజీపేట_టెర్మినల్:
కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కు. అక్కడ లాగిన్ అయి ‘ఎల్‌ఎస్‌బీ_రిలీజ్ -ఏ’, ‘డీఎఫ్ -హెచ్’ కొట్టు. ఏం వచ్చిందో పెట్టు.

హన్మకొండ_డీటీపీ:
18.04 అని వచ్చింది. డిస్కు సగం ఖాళీగనే ఉంది.

కరీంనగర్_సర్వీస్:
ఇంక 18.04 ఏంది తమ్మీ! అది 2018 ఏప్రిల్‌ల వచ్చింది. ఐదేండ్ల మామూలు సపోర్టు 2023లనే అయిపోయింది. దినాం ఎవరెవరియో పెన్‌డ్రైవులు గుచ్చే షాపు మెషీన్ల సెక్యూరిటీ అప్‌డేట్లు లేకుంట నడుపుడు మంచిది గాదు, నేను నా దగ్గరికొచ్చే ప్రతి ఒక్కరికి ఇదే చెప్త. డేటా బయటకు తీస్కో, 24.04 జుబుంటు నేరుగ ఎక్కించు. గ్నోమ్ మీద ఇంకో ఓఎస్ ఎక్కిస్తే ఇట్లనే కొట్టుకుంటయి.

కాజీపేట_టెర్మినల్:
ఎక్స్‌ఎఫ్‌సీఈ ఓఎస్ కాదు, డెస్క్‌టాప్. గ్నోమ్ పక్కన అది గూడ ఉండొచ్చు, కొట్టుకోవు.

కరీంనగర్_సర్వీస్:
మరి లైట్‌డీఎం ఏంది? అది గూడ డెస్క్‌టాపేనాయె.

కాజీపేట_టెర్మినల్:
కాదు. అది డిస్‌ప్లే మేనేజర్. గేటు కాడ వాచ్‌మన్ లెక్క, పేరడిగి లోపలికి పంపుతది. లోపల ఏ డెస్క్‌టాప్ తెరవాల్నో నువ్వు చెప్పాలె. డీటీపీ తమ్మీ, ఆ మెషీన్ల ఇంకో యూజర్ ఉన్నడా?

జనగామ_యూనికోడ్:
మధ్యలో వచ్చానని అనుకోవద్దు. ఆ రిపోర్టులు తెలుగులో ఉంటే యూనికోడ్‌లోనే టైప్ చేయించండి. యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలో కొట్టిన ఫైలు ఆ ఫాంటు లేని మెషీన్‌లో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాల ముద్ద కనిపిస్తుంది, అందులో ఒక్క మాట వెతకలేం. ఉబుంటులో ఫాంట్స్-టెలు-ఎక్స్‌ట్రా ప్యాకేజీ వేసుకుంటే పోతన2000, వేమన2000 రెండూ వస్తాయి. మా బమ్మెర పోతన పేరున్న ఫాంటు ఉచితంగా దొరుకుతుంటే వాడకపోవడం నాకు బాధగా ఉంటుంది. డెస్క్‌టాప్ మార్చినాక తెలుగు టైపింగ్ రాకపోతే ఐఎం-కాన్ఫిగ్‌లో టైపింగ్ పద్ధతిగా ఐబస్ ఎంచుకుని, లాగౌట్ అయి మళ్లీ రండి.

హన్మకొండ_డీటీపీ:
సార్, ముందుగాల లాగిన్ కానియ్యుండ్రి. టెర్మినల్ అన్నా, మా తమ్ముని పేరు మీద ఇంకోటి ఉంది. అది మంచిగనే తెరుసుకుంటుంది.

కాజీపేట_టెర్మినల్:
అట్లయితే ఎక్స్‌ఎఫ్‌సీఈ మంచిగనే ఉంది. లోపం నీ హోం ఫోల్డర్ల ఉంది. సుడోతోని, అంటే అడ్మిన్ పవర్‌తోని, ఏదన్న తెరిచినవా?

హన్మకొండ_డీటీపీ:
ఎక్కించినంక గూడ పాత గ్నోమే వచ్చింది. ఒక వీడియోల చెప్పినట్టు ఎఫ్3లకు పోయి సుడో స్టార్ట్‌ఎక్స్ కొట్టిన. అప్పుడు ఎక్స్‌ఎఫ్‌సీఈ వచ్చింది గద.

కాజీపేట_టెర్మినల్:
దొరికింది. నీ హోంల డాట్ ఎక్స్‌అథారిటీ అని దాపు ఫైలు ఉంటది, స్క్రీన్ మీద బొమ్మ చూపెట్టనీకి పర్మిషన్ దాంట్లనే. 18.04ల సుడో నీ హోంనే వాడుకుంటది. అందుకే ఆ ఫైలు రూట్, అంటే అడ్మిన్, పేరు మీదికి పోయింది. లైట్‌డీఎం లాగిన్ అయినప్పుడల్ల అండ్ల రాయాలె, రాయరాక నిన్ను బయటికి పంపుతుంది. తమ్మునిది ఎవరు ముట్టలేదు, అందుకే నడుస్తుంది.
ఎఫ్3ల ‘ఎల్‌ఎస్ -ఎల్‌ఏ’ కొట్టు. ఆ ఫైలు ముంగట రూట్ రూట్ అని రెండుసార్లు కనవడాలె. కనవడితే ‘ఆర్‌ఎం’ కొట్టి అదొక్కటే తీసెయ్యి. లాగిన్ అయినప్పుడు కొత్తది అదే తయారైతది. డాట్ ఐస్‌అథారిటీ గూడ రూట్ పేరు మీదుంటే అది గూడ తీసెయ్యి. రిపోర్టులకు ఏం గాదు. ఆర్‌ఎం తర్వాత చుక్క పెట్టి చుక్క వెనుక స్టార్ మాత్రం కొట్టకు.
మళ్ల లాగిన్ స్క్రీన్ల కుడి పక్క పైన గుర్తు ఉంటది, అది నొక్కి సెషన్ మార్చు. స్టార్ట్‌ఎక్స్‌తోని పని లేదు.

కరీంనగర్_సర్వీస్:
పని అయినా సరే, 18.04 మాత్రం తీసెయ్యుండ్రి.

హన్మకొండ_డీటీపీ:
రెండూ రూట్ పేరు మీదనే ఉండె, తీసేసిన. అయింది అన్నా, థ్యాంక్స్. ప్రింట్లు పెడుతున్న.

జనగామ_యూనికోడ్:
ఫాంటు సంగతి?

పరకాల_విద్యార్థి:
అన్నా నాది లినక్స్ మింట్. నాకు గూడ నల్ల స్క్రీనే వస్తుంది, ఏం జేయాలె?

కాజీపేట_టెర్మినల్:
వేరేగ పోస్ట్ పెట్టు. వెర్షన్ రాయి.